కారు లెదర్ సీట్ కవర్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా? పాతవి పెచ్చులూడిపోతున్నాయి

మురళి_ఎంవీపీ:
అందరికీ నమస్కారం. నాది 2016 స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కొన్నప్పుడే సీట్లకు నల్ల లెదర్ కవర్లు ఉన్నాయి, అవి చూసే ముచ్చటపడ్డాను కూడా. ఇప్పుడు డ్రైవర్ సీటు అంచు దగ్గర మొదలై పై పొర పెచ్చులు పెచ్చులుగా లేచిపోతోంది. తెల్ల చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్తే వీపంతా నల్ల పొలుసులే. వాషింగ్ మెషిన్ ఫిల్టర్ నిండా కూడా అవే.

విశాఖలో డాబా గార్డెన్స్ వైపు రెండు చోట్ల అడిగాను. ఒకాయన పాతవాటి మీదే కొత్తవి తొడిగేస్తాం, గంట పని అన్నారు. ఇంకొకాయన అలా కుదరదు, మొత్తం విప్పి ఫోమ్ సరిచేసి వేయాలి అంటూ చెప్పిన రేటు వింటే ఏసీలో కూర్చున్నా చెమట పట్టింది. నా దగ్గర సాకెట్ సెట్ ఉంది, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను, సీటు జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. ఇంట్లో చేసుకోదగ్గ పనేనా? పాత కవరు తీసేయాలా, మీదే వేయాలా? రెడీమేడ్ తెప్పించుకోవాలా, కుట్టించుకోవాలా? స్వయంగా చేసినవాళ్ళుంటే కాస్త వివరంగా రాయండి. వీడియోల్లో అంతా పది నిమిషాల్లో అయిపోయినట్టు చూపిస్తున్నారు, నమ్మబుద్ధి కావట్లేదు.

గోపాలపట్నం_రాజు:
ఎందుకొచ్చిన గొడవ గురూ. షాపులో పడేయ్, సాయంత్రానికి చేతికిచ్చేస్తాడు. ఆదివారం పూట హాయిగా బీచ్‌కి పోక సీటు కింద దూరడం ఏటి?

ఆటోనగర్_సుబ్బు:
రాజు గారూ, షాపుకి వెళ్ళొద్దని నేనెందుకంటాను, గాజువాక ఆటోనగర్‌లో కొన్నేళ్ళు ఈ సీట్ల పని మీదే బతికినవాణ్ణి. కానీ మురళి గారు అడిగింది ఇంట్లో చేసుకోదగ్గ పనే, ఓపిక ఉంటే.

మురళి గారూ, ముందు ఒకటి. మీ సీటుకున్నది లెదర్ కాదండి. అసలు తోలు పెచ్చులుగా ఊడదు. ఎండుతుంది, గీతలు పడుతుంది, పగిలిన చోట లోపల పీచు కనిపిస్తుంది. పైన పలచటి పొర లేచి కింద అల్లిక గుడ్డ కనబడుతోందంటే అది పీయూ, అంటే గుడ్డ మీద పాలీయురేతేన్ అనే ప్లాస్టిక్ పూత. నప్పా అన్నా, ఆర్ట్ లెదర్ అన్నా, ఇంకే గొప్ప పేరు పెట్టినా మన బజార్లో ఆ రేట్లకి దొరికేదంతా పీయూనో పీవీసీనో. అందులో తప్పేమీ లేదు, ఏది కొంటున్నామో తెలిసి కొంటే చాలు.

పీయూకి తేమ పడదు. గాలిలో తేమా వేడీ కలిసి ఆ పొరలోని బంధాలను మెల్లగా తెంచేస్తాయి, దాన్నే హైడ్రోలిసిస్ అంటారు. వాడినా వాడకపోయినా ఇది జరుగుతుంది. బీరువాలో దాచిన బూట్ల సోలు వేసుకోకుండానే పొడి పొడి అయిపోవడానికీ ఇదే కారణం. మన విశాఖలో సముద్రం పక్కన, ఏడాది పొడవునా ఉక్కపోతే. చవక పీయూ మూడు నాలుగేళ్ళు ఆగితే గొప్ప. ఒకసారి ఊడటం మొదలయ్యాక ఏ క్రీమూ, ఏ స్ప్రేయూ దాన్ని మళ్ళీ అతికించదు, వాటికి డబ్బు పెట్టకండి.

రెక్సిన్ అని మనం అనేది ఎక్కువగా పీవీసీ. దానికి తేమతో పెద్ద ఇబ్బంది లేదు. మెత్తగా ఉండటానికి అందులో కలిపే ప్లాస్టిసైజర్ మాత్రం ఎండకి మెల్లమెల్లగా బయటికి వచ్చేస్తుంది. ఎండలో నిలబెట్టిన కారు ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతుంది చూడండి, రాత్రి ఎదురు లైట్లు చెదిరి కనిపిస్తాయి, అందులో దీని వాటా చాలా ఉంటుంది. అలా పోయి పోయి కొన్నేళ్ళకు గట్టిపడి కుట్టు దగ్గర చిట్లుతుంది. కవర్డ్ పార్కింగ్ లేకపోతే రెండింట్లో ఏది తీసుకున్నా ఎండే మొదటి శత్రువు.

ఇక పాతదాని మీదే కొత్తది వేయడం. వద్దు. ఊడిన పొర కింద కదులుతూ ఉంటుంది, పైది జారుతుంది, రెండు ప్లాస్టిక్ పొరల మధ్య చేరిన చెమ్మ పోయే దారి లేక ముక్క వాసన వస్తుంది. గంటలో తొడిగేసే షాపువాడికి ఆ వాసన రాదు, కూర్చునే మీకు వస్తుంది.

మురళి_ఎంవీపీ:
సుబ్బు గారూ, చాలా థాంక్స్. పార్కింగ్ ఓపెనే, మధ్యాహ్నం మూడింటికి స్టీరింగ్ పట్టుకోలేం. అయితే పాతవి తీసేస్తాను. ఇవి గుడ్డ సీటు మీద తొడిగినవా, లేక కంపెనీ గుడ్డ తీసేసి నేరుగా ఫోమ్ మీద వేసినవా, ఎలా తెలుస్తుంది?

ఆటోనగర్_సుబ్బు:
సీటు బేస్ కింద చెయ్యి పెట్టి చూడండి. ఎలాస్టిక్, కొక్కేలు, నాడాలు తగిలితే గుడ్డ మీద తొడిగిన బకెట్ ఫిట్. ఏమీ వేలాడకుండా అంచు ప్లాస్టిక్ పట్టీతో ఫ్రేముకి తగులుకుని ఉంటే ఫోమ్ మీదే వేసినది. బహుశా మీది మొదటిదే.

శైలజ_మధురవాడ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది 2024 కారు, ఆరు ఎయిర్‌బ్యాగులు. సీటు పక్కన చిన్న ట్యాగ్ ఉంది ఎయిర్‌బ్యాగ్ అని. కవర్లు వేయిద్దామని వెళ్తే షాపులో కుర్రాడు "ఏం కాదు మేడం, అందరూ వేయించుకుంటున్నారు" అంటాడు. ఏం కాదని అతను ఎలా చెప్తాడో నాకర్థం కాలేదు.

ఉక్కునగరం_మాస్టారు:
శైలజ గారూ, మీ అనుమానం సరైనదే అమ్మా.

ఆరు ఎయిర్‌బ్యాగులంటే ముందు రెండు, పైన తెరలా దిగేవి రెండు, పక్కవి రెండు. ఆ పక్కవి మామూలుగా ముందు సీట్ల బ్యాక్‌రెస్ట్‌లో, తలుపు వైపు భుజం దగ్గర ఉంటాయి. తలుపుకీ మనిషికీ మధ్య ఉండే జాగా జానెడు. పక్క నుంచి గుద్దితే బ్యాగ్ సుమారు 20 మిల్లీసెకన్లలో విచ్చుకోవాలి. అది కంపెనీ కవరు కుట్టును చీల్చుకునే బయటికి వస్తుంది, ఆ కుట్టును అందుకు తగ్గట్టే వేస్తారు. దాని మీద మందపాటి రెక్సిన్, కింద ఫోమ్ షీటు, డబుల్ కుట్టు వేసి బిగిస్తే బ్యాగ్ ఆలస్యంగా రావచ్చు, పక్కకి కాకుండా ఇంకెటో తిరగవచ్చు.

మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, తర్వాత ముందు ఇద్దరికీ. అవి స్టీరింగ్‌లో, డాష్‌బోర్డులో ఉంటాయి, సీటు కవర్లతో వాటికి సంబంధం లేదు. 2023 అక్టోబరులో హ్యుందాయ్ తన అన్ని మోడళ్ళకూ ఆరు ఇచ్చింది, మిగతా కంపెనీలూ చాలా మోడళ్ళకు ఇస్తున్నాయి. కాబట్టి పాత బళ్ళ మీద చేయి తిరిగిన కుర్రాడు "ఏం కాదు" అన్నాడంటే అతను అబద్ధం చెప్పాడని కాదు, అతను ఇన్నాళ్ళూ చూసిన బళ్ళు వేరు.

మీరు చేయగలిగింది ఇది. కంపెనీ యాక్సెసరీగా ఆ మోడల్‌కే ఇచ్చే కవర్లుంటే వాటిలో ఆ వైపు తెరచి గానీ, తెగే దారంతో కుట్టి గానీ ఉంటుంది, అడిగి, ఆ కుట్టు ఎక్కడుందో చూపించమనండి. లేదంటే ముందు సీట్ల బ్యాక్‌రెస్ట్ వదిలేసి బేస్‌లకూ వెనక సీటుకూ వేయించుకోండి. రంగు కలవదు, నిజమే. ప్రాణం కన్నా రంగు ఎక్కువ కాదు కదా.

గోపాలపట్నం_రాజు:
మాస్టారూ, మా బావమరిది కారుకి ఆరున్నాయి, కవర్లు వేసి రెండేళ్ళైంది, ఏమీ కాలేదు.

ఉక్కునగరం_మాస్టారు:
గుద్దుకోలేదు కాబట్టి ఏమీ కాలేదు, రాజు గారూ.

గోపాలపట్నం_రాజు:
అదీ పాయింటే.

ఉక్కునగరం_మాస్టారు:
మురళి గారూ, మీ 2016 స్విఫ్ట్‌కి పక్క ఎయిర్‌బ్యాగులు రావు, మీకు ఆ బెంగ లేదు. అయినా సీటు విప్పే ముందు కొన్ని జాగ్రత్తలు చెప్తాను, ఇవి ఏ బండికైనా వర్తిస్తాయి.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే తీశాక కనీసం మూడు నిమిషాలు ఆగాలి, నేనైతే పది ఆగుతాను, లోపల కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. సీటు కింద పసుపు రంగు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్) కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌దే, దాన్ని మల్టీమీటరుతో అసలు ముట్టుకోకూడదు. ఏ కప్లరైనా ఊడదీసి ఉన్నప్పుడు తాళం తిప్పొద్దు, ఆన్ చేశారంటే మీటర్లో లైటు వెలిగి కూర్చుంటుంది, సర్వీస్ సెంటరుకెళ్ళి స్కానర్ పెట్టిస్తే తప్ప ఆరదు.

బోల్టులు. సీటు ముందుకు జరిపి వెనక రెండు, వెనక్కి జరిపి ముందు రెండు, మొత్తం నాలుగు. చాలా మారుతి, హ్యుందాయ్ బళ్ళకి 14 సాకెట్ పడుతుంది. మన ఊళ్ళో బీచ్ నుంచి తడికాళ్ళతో ఎక్కుతారు కాబట్టి కార్పెట్ కిందకి ఉప్పునీరు దిగి బోల్టులు పట్టేసి ఉంటాయి. ముందు రోజు రాత్రే డబ్ల్యూడీ 40 కొట్టి వదిలేయండి. పొట్టి రాట్చెట్‌తో కుస్తీ పట్టకండి, బోల్టు తల గుండ్రమైపోతే ఆ తర్వాత గ్రైండరే గతి. బ్రేకర్ బార్, అంటే పొడవాటి పిడి ఉన్న రాడ్డు, ఒకటి పక్కింట్లో అడగండి.

బిగించేటప్పుడు నాలుగూ ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాతే బిగించాలి. ఆఖరున టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగించామో కొలిచే రెంచ్‌తో, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉన్న లెక్కకి. సీటు బోల్టంటే ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచేది, అక్కడ అందాజా పనికిరాదు.

మురళి_ఎంవీపీ:
మాస్టారూ, నమస్తే. ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. బేస్ కింద చూశాను, ఎలాస్టిక్, కొక్కేలు ఉన్నాయి. అంటే కింద కంపెనీ గుడ్డ ఉందన్నమాట. ఇప్పుడు రెడీమేడ్ సెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాలా, కుట్టించాలా?

లక్ష్మి_సీతమ్మధార:
నేను కుట్టు మిషన్ మనిషిని, కార్ల సంగతి అంతగా తెలియదు గానీ మా కారు కవర్లు నేనే కుట్టాను కాబట్టి ఆ భాగం చెప్తాను.

పాత కవరు పారేయకండి. కుట్లు విప్పితే అదే మీకు ప్యాటర్న్. విప్పే ముందు ప్రతి ముక్క మీదా చాక్‌పీసుతో రాసుకోండి, డ్రైవర్ బేస్ ఎడమ పక్క, డ్రైవర్ బేస్ మధ్య, ఇలాగ. పక్కపక్క ముక్కలు కలిసే చోట అంచు మీద చిన్న గాట్లు పెట్టుకోండి, కుట్టేటప్పుడు గాటుకి గాటు కలిస్తే మూల తిరిగే చోట ముడత రాదు. ఇవి రాసుకోకుండా విప్పేస్తే తర్వాత నేల మీద పరిచిన ముక్కల్లో ఏది ఏదో బ్రహ్మదేవుడికీ తెలియదు.

పాతది వాడి వాడి సాగి ఉంటుంది, దాని కొలతకే కోస్తే కొత్తది వదులవుతుంది. కూర్చునే మధ్య ముక్కలో రెండు పక్కలా అర సెంటీమీటరు తగ్గించండి. కుట్టు కోసం వదిలే అంచు మాత్రం తగ్గించొద్దు, ఒక సెంటీమీటరు ఉండాలి. రెక్సిన్‌ని రెండు వైపులా లాగి చూడండి, ఒక వైపు ఎక్కువ సాగుతుంది. సాగే వైపు సీటుకి అడ్డంగా రావాలి, ఎడమ సీటుకీ కుడి సీటుకీ ఒకలాగే రావాలి.

దారం మామూలు కాటన్ దారం వాడితే ఎండకి ఏడాదిలోనే తెగుతుంది. పాలియెస్టర్ దారం, మందంది. నైలాన్ బలమే కానీ ఎండని పాలియెస్టరంతగా తట్టుకోదు. సూది 16 లేదా 18 నంబరు, లెదర్ సూది దొరికితే మంచిది, పూర్ణా మార్కెట్‌లో మిషన్ సామాన్ల దగ్గర అడగండి. కుట్టు దూరం దూరంగా వేయాలి. దగ్గర దగ్గరగా వేస్తే సూది రంధ్రాల వెంట రెక్సిన్ చిరిగిపోతుంది. తప్పు కుట్టు విప్పినా ఆ రంధ్రం పూడదు, గుడ్డ కాదు కదా. పిన్నులు గుచ్చొద్దు, క్లిప్పులు పెట్టుకోండి.

ఇంట్లో మిషన్ రెండు పొరలు, కష్టంగా మూడు లాగుతుంది. పైపింగ్ (అంచు వెంట కుట్టే గుండ్రటి పట్టీ) దగ్గర నాలుగు పొరలు పడతాయి, అక్కడ మోటారు మూలుగుతుంది. పైపింగ్ మానేయండి, లేదా కోసిన ముక్కలన్నీ బైక్ సీట్లు కుట్టే అతనికి ఇవ్వండి. వాళ్ళ మిషన్లు దీనికే చేసినవి, ముక్కలు కోసి గాట్లతో సహా ఇస్తే కూలీ కూడా తక్కువే అడుగుతారు.

ఆటోనగర్_సుబ్బు:
అమ్మా, మీరు ఆటోనగర్‌లో షాపు పెట్టాల్సింది. నేను రాద్దామనుకున్నవన్నీ రాసేశారు.

రెడీమేడ్ గురించి. మీ మోడల్, సంవత్సరం, వేరియంట్ మూడూ చెప్పి తెప్పించుకోండి. 2016 స్విఫ్ట్, 2018లో వచ్చిన స్విఫ్ట్ ఒకటి కాదు. వెనక సీటు ఒకే ముక్కా, 60-40 చీలికా, హెడ్‌రెస్టులు విడిగా వస్తాయా, ఇవి చూసుకోకపోతే వచ్చిన సెట్ మళ్ళీ కొరియర్‌కే. కుట్టించుకునే ఓపిక లేకపోతే రెడీమేడ్ తప్పేమీ కాదు.

భీమిలి_గాలి:
ఎవరూ బూజు సంగతి ఎత్తలేదు. మాది సముద్రానికి ఎదురుగా. వానాకాలం వారం రోజులు కారు తీయకపోతే సీటు మీద తెల్లగా బూజు పడుతుంది, పై కవరు మీద తుడిస్తే పోతుంది గానీ కింద గుడ్డలో పట్టింది పోదు. మురళి గారూ, పాత కవరు తీశాక కంపెనీ గుడ్డని వాసన చూడండి, ముక్క వాసన వస్తే కొత్తది వెంటనే తొడగకండి. తెల్ల వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి గుడ్డకి తుడిచి, సీటు బయట ఎండలో పూర్తిగా ఆరాకే. మే నెల ఎండైతే ఒక్క రోజు చాలు, ఆగస్టులో అయితే ఈ పనే పెట్టుకోకండి.

ఇంకోటి, కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని మా వీధిలో ఒకాయన చెప్తాడు. ఒద్దు. జిడ్డుకి దుమ్ము పట్టి, ఆ పైన పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల దుమ్ము కూడా చేరి, సీటు తారు పూసినట్టు తయారవుతుంది.

కంచరపాలెం_కిట్టు:
నేను కవరు కాదు, ఏకంగా కంపెనీ గుడ్డే తీసి ఫోమ్ మీద కొత్త స్కిన్ వేశాను, పాత ఇండికాకి. ఎవరికైనా ఆ దారి పట్టాలనిపిస్తే కొంచెం చెప్తాను, ఎందుకంటే ఇది దిండుకి గలీబు తొడిగినట్టు పైనుంచి లాగితే అయిపోయేది కాదు.

సీటు తిరగేస్తే బేస్ చుట్టూ అంచున ప్లాస్టిక్ పట్టీ ఫ్రేముకి తగులుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో కొంచెం తిప్పితే వదిలేస్తుంది. అంచంతా వదిలినా కవరు రాదు. కూర్చునే చోట లోతుగా గీతలు కనిపిస్తాయి చూడండి, ఆ గీతల కింద ఫోమ్‌లో కాలువలాంటిది ఉంటుంది, అందులో ఒక ఇనుప తీగ పాతి ఉంటుంది. కవరుకి లోపలివైపు గుడ్డ సొరంగం, అందులో ఇంకో తీగ. ఈ రెండు తీగలనీ చిన్న చిన్న ఇనుప రింగులు పట్టి ఉంచుతాయి. సీటు ఆకారం నిలిచేది వాటి వల్లే. ఆ రింగుల్ని కటింగ్ ప్లేయర్‌తో ఒక్కొక్కటే కోసి తీయాలి, లాగారంటే ఫోమ్ ముద్దతో సహా ఊడి వస్తుంది. మా ఊళ్ళో గాలికి ఆ రింగులు తుప్పు పట్టి ముట్టుకుంటే పొడి రాలాయి, గ్లవ్స్ వేసుకోండి, కళ్ళద్దాలు కూడా, కోసిన ముక్క ఎగిరి ఎటు పోతుందో తెలీదు.

పాత కవరు లోపలి తీగల్ని దాచుకుని కొత్త కవరు సొరంగాల్లోకి ఎక్కించాలి. తొడిగేటప్పుడు కవరుని లోపలి వైపు బయటికి తిప్పి, మధ్య గీత దగ్గర మొదలుపెట్టి, రింగులేసుకుంటూ బయటి అంచుకి రావాలి. అంచు నుంచి మొదలుపెడితే మధ్యకొచ్చేసరికి చేయి దూరదు. రింగుల ప్లయర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ప్లయర్ లేకపోతే కేబుల్ టైలు వాడొచ్చు, కాకపోతే ముడి ఫోమ్ కాలువలో కిందికి తిప్పి, తోక నున్నగా కోయాలి, లేదంటే కూర్చున్న ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

ఫోమ్ డ్రైవర్ వైపు తలుపు దగ్గర అంచు నలిగి ఉంటుంది, ఎక్కే దిగే వైపు కదా. నలిగింది స్టీమ్ ఐరన్ ఆవిరితో కొంత లేస్తుంది. చిరిగింది అయితే కొత్త ఫోమ్ ముక్క ఫెవికాల్ ఎస్ఆర్‌తో అతికించాలి, రెండు వైపులా రాసి, అంటీ అంటనట్టు ఆరాక కలపాలి. ఇది మాత్రం ఆరుబయట. మూసిన గదిలో ఆ వాసన పీలిస్తే తల తిరిగిపోతుంది, పైగా మంటకి దగ్గర కూడా పెట్టకూడదు.

శైలజ_మధురవాడ:
కిట్టు గారూ, ప్యాసింజర్ సీటులో మనిషి కూర్చున్నాడో లేడో తెలుసుకునే సెన్సార్ ఉంటుందంటారు కదా, బెల్టు పెట్టుకోకపోతే కూసే బీప్ కోసం? అది ఎక్కడుంటుంది?

కంచరపాలెం_కిట్టు:
మా ఇండికాలో అలాంటి సంపదలు లేవండి :)

ఉక్కునగరం_మాస్టారు:
2019 జూలై నుంచి ముందు రెండు సీట్లకీ బెల్టు హెచ్చరిక తప్పనిసరి. దానికోసం చాలా బళ్ళలో ప్యాసింజర్ బేస్ మీద, గుడ్డకీ ఫోమ్‌కీ మధ్య, పలచటి చాప లాంటి సెన్సార్ పెడతారు. దాని మీద రింగు గుచ్చినా, మడిచినా పోతుంది, మనిషి లేకపోయినా బీప్ ఆగదు. గుడ్డ మీద కవరు వేసుకునేవాళ్ళకి ఇబ్బంది లేదు. కవరు మరీ బిగుతుగా ఉంటే మాత్రం ఖాళీ సీటులోనూ మనిషి ఉన్నాడనుకుంటుంది.

మురళి_ఎంవీపీ:
అప్‌డేట్. ముందు సీట్లు రెండూ బయటికి తీశాను. మాస్టారు చెప్పినట్టే వెనక బోల్టులు రెండూ మొండికేశాయి, రాత్రంతా నానబెట్టాక బ్రేకర్ బార్‌కి లొంగాయి. సీటు బరువు అనుకున్నదానికన్నా ఎక్కువ, తలుపులోంచి తీసేటప్పుడు సీటు ముందుకీ వెనక్కీ జరిగే రైలు అంచు పెయింటుకి గీసుకోకుండా మా వాచ్‌మన్ దుప్పటి అడ్డంపెట్టాడు.

సీటు కింద ఏమున్నాయనుకున్నారు! రైలు పొడవునా బీచ్ ఇసుక, గ్రీజుతో కలిసి గట్టిపడి నల్లటి ముద్దలా ఉంది. అందులో ముంత మసాలా శనక్కాయలు, పాత ఓనరు తాలూకు సింహాచలం పార్కింగ్ చీటీ, ఒక పసిపిల్ల వెండి పట్టీ. పట్టీ కడిగి పక్కన పెట్టాను, ఓనరుకి ఫోన్ చేశాను, తీసుకెళ్తానన్నారు. సీటు జరిపితే కిర్రుమనేది ఇన్నాళ్ళూ, ఆ ఇసుక బ్రష్‌తో తీసి కొత్త గ్రీజు పెడితే వేలితో తోసినా జరుగుతోంది.

పాత కవరు విప్పాక కింద గుడ్డ లేత బూడిద రంగులో కొత్తదానిలా ఉంది, ఒకచోట మాత్రం బూజు మరక. వెనిగర్ పట్టించి డాబా మీద ఎండబెట్టాను. ముక్కలు లక్ష్మి గారు చెప్పినట్టు రాసి, గాట్లు పెట్టి, కొత్త రెక్సిన్ కోసి, అక్కయ్యపాలెంలో బైక్ సీట్లు కుట్టే అతనికి ఇచ్చాను. అతను ముక్కల మీద రాతలు చూసి "ఇలా ఇస్తే మా పని సగం అయిపోయినట్టే సార్" అన్నాడు.

లక్ష్మి_సీతమ్మధార:
చాలా సంతోషం. పట్టీ సంగతి చదివి ఇంకా సంతోషం.

మురళి_ఎంవీపీ:
కవర్లు వచ్చాయి, డ్రైవర్ సీటుకి తొడిగాను. బ్యాక్‌రెస్ట్ బాగా కూర్చుంది. బేస్ దగ్గర, ముందు మూలల్లో మాత్రం ముడతలు, ఎంత లాగినా పోవట్లేదు. హెయిర్ డ్రయర్ పెట్టొచ్చా? ఇంట్లో హీట్ గన్ కూడా ఉంది.

ఆటోనగర్_సుబ్బు:
హీట్ గన్ ముట్టుకోకండి. దాని వేడికి రెక్సిన్ ఒక్క క్షణంలో నిగనిగలాడి ముడుచుకుపోతుంది, ఆ మచ్చ పోదు. కవరు విప్పి అరగంట డాబా మీద ఎండలో పరచండి, మన ఎండ చాలు. చేతికి వెచ్చగా, మెత్తగా తగులుతున్నప్పుడే తొడిగి, ముందు వెనకలు బిగించి, ఆ తర్వాత పక్కలు. కొక్కేలు ఎదురెదురుగా లాగాలి, ఒక పక్కంతా బిగించేసి రెండో పక్కకి వెళ్ళారంటే కుట్టు గీత వంకరపోతుంది. అరచేత్తో మధ్య నుంచి మూలకి గట్టిగా రాయండి. అయినా మిగిలిన చిన్న ముడతకి హెయిర్ డ్రయర్ దూరం నుంచి, కదుపుతూ. ఇంకా కొంచెం మిగిలితే వదిలేయండి, రెండు వారాలు కూర్చుంటే అదే సర్దుకుంటుంది.

కొక్కెం సీటు కింద వైర్ల మీదకీ, రైలు మీదకీ రాకుండా చూసుకోండి. సీటు జరిపినప్పుడు వైరు తెగేది అక్కడే. బెల్టు బకిల్ కవరు పైకి రావాలి, లోపల ఇరుక్కోకూడదు.

గోపాలపట్నం_రాజు:
మురళీ, మొత్తం ఎంతైంది? షాపువాడు చెప్పిన దానికన్నా తక్కువేనా?

మురళి_ఎంవీపీ:
రాజు గారూ, ఎండలో పెట్టాక ముడతలు దాదాపు పోయాయి, ఒక మూల వేలెడు మిగిలింది, సుబ్బు గారు చెప్పినట్టు వదిలేశాను. ఖర్చు రెక్సిన్, దారం, కుట్టు కూలీ, గ్రీజు, వెనిగర్ అన్నీ కలిపి షాపులో అడిగినదానిలో సగం లోపే. టార్క్ రెంచ్ మాత్రం కొన్నాను, దాన్ని ఇందులో కలపట్లేదు. మా ఆవిడ కలిపి లెక్కేస్తోంది, ఆ లెక్కలో పెద్దగా మిగల్లేదు.

గోపాలపట్నం_రాజు:
హహ. అయితే ఆ రెంచ్ ఒకసారి ఇటు పంపు, మా వెనక సీటు కింద ఏదో కదులుతోంది.

భీమిలి_గాలి:
రాజు గారూ, వెనక బేస్‌కి రెంచ్ అక్కర్లేకపోవచ్చు. చాలా హ్యాచ్‌బ్యాకుల్లో ముందు అంచు కింద రెండు క్లిప్పులుంటాయి, రెండు చేతులతో అంచు పట్టుకుని పైకి ఒక్క ఊపు లాగితే వచ్చేస్తుంది. ముందు అది చూడండి. క్లిప్పు పగిలి ఉంటే శబ్దం దానిదే.

శైలజ_మధురవాడ:
నేనూ నిర్ణయానికొచ్చాను. ముందు బ్యాక్‌రెస్టులు కంపెనీ గుడ్డతోనే ఉంచి, బేస్‌లకీ వెనక సీటుకీ కుట్టిస్తున్నాను. వెనక చైల్డ్ సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేల దగ్గర కోత వదలాలి కదా, అక్కడ అంచు చిరగకుండా ఏం చేయాలి లక్ష్మి గారూ?

లక్ష్మి_సీతమ్మధార:
కోత చుట్టూ లోపలివైపు అదే రెక్సిన్ ముక్క ఇంకో పొర వేసి, పట్టీలా మడిచి కుట్టమనండి. చొక్కా జేబు చీలిక దగ్గర వేసినట్టు రెండు చివర్లా అడ్డంగా ముడి కుట్టు వేయాలి, చిరుగు మొదలయ్యేది ఆ చివర్లలోనే. కోత ఎక్కడ రావాలో కొలత పెట్టి కాదు, కవరు తొడిగాక చేత్తో కొక్కెం తడిమి చాక్‌పీసుతో గుర్తు పెట్టి, అప్పుడు కోయమనండి.